సోమవారం నీళ్ళు

మొన్న ఇన్వర్టరు బ్యాటరీలో పొయ్యడానికి డిస్టిల్డు వాటరు డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, సీతమ్మధారలో మా ఫ్లాటులో దాన్నెక్కడ పెట్టాలో తోచక బీరువా అడుగు అర ఖాళీ చేస్తుంటే, పాత దుప్పట్ల వెనకనుంచి మా నాన్న చెక్కపెట్టె బయటపడింది. జానెడున్నర పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఇత్తడి కొక్కెం. నాన్న పోయి ఏడాది దాటింది. ఆ పెట్టె అక్కడుందని నాకు తెలియక కాదు, తెలిసే దాని ముందు దుప్పట్లు పెట్టాను. కొక్కెం తియ్యగానే ఉప్పుగాలి, కర్పూరం, తడిసిన ఇనుప దుమ్ము, మూడూ కలిసిన వాసన గుప్పుమంది. లోపల ఆకుపచ్చ ఉన్ని గుడ్డలో హైడ్రోమీటరు, నలభై ఏళ్ళ కిందట ఎలా పడుకుందో అలాగే పడుకుని ఉంది.

హైడ్రోమీటరంటే పెద్ద యంత్రమేం కాదు. కింద ఉబ్బుగా ఒక గాజు బుడ్డి, అందులో సీసపు గుళ్ళు, పైన పెన్సిలంత సన్నటి మెడ, మెడ లోపల అంకెలు వేసిన కాగితం చుట్ట. నీళ్ళలో వదిలితే నిటారుగా నిలబడి తేలుతుంది. నీళ్ళు చిక్కగా ఉంటే పైకి లేస్తుంది, పలచగా ఉంటే దిగుతుంది, నీటిమట్టం ఏ గీత దగ్గరుందో చదువుకోవడమే మన పని. మంచినీళ్ళలో వెయ్యి, సముద్రపు నీళ్ళలో వెయ్యిన్నీ పాతిక. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైన దాన్ని. సాంద్రత పాఠం వచ్చిన ప్రతి ఏడూ, లాబులో ఇలాంటివి నాలుగున్నా ఒక్కటీ బయటికి తియ్యకుండా, బోర్డు మీద బొమ్మ గీసి ఊరుకున్నాను. పిల్లలు అడిగితే పగిలిపోతుందిరా అనేదాన్ని.

డెబ్భైలు పోయి ఎనభైలు వస్తున్న రోజుల్లో మేం జ్ఞానాపురంలో, రైలు పట్టాల చప్పుడు వినపడే రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం, అమ్మ, నాన్న, నేను. పోర్టులో గుట్టలు పోసిన ఇనుప ఖనిజం దుమ్ము గాలి తిరిగినప్పుడల్లా మా వీధి మీదికే వచ్చేది. ఆరేసిన చీరలు, బల్ల మీది పుస్తకాలు, తులసికోట, పిల్లి, అన్నీ ఇటుక రంగే. తెల్ల చొక్కా అన్న మాట మా వీధిలో ఎవరి నోటా విన్న గుర్తు లేదు. నాగులచవితికి అమ్మ రోట్లో నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ఉండలు చేస్తే వాటిలోనూ పంటికింద కరకరమనేది, అది నువ్వో దుమ్మో ఎవరూ విచారించకుండా తినేసేవాళ్ళం. వానాకాలం తొలి వానకి చూరు నుంచి ఎర్రటి నీళ్ళు ధారలుగా కారి గుమ్మం ముందు మడుగు కట్టేవి, ఎండాకాలం పొద్దుటే కవ్వళ్ళూ నెత్తళ్ళూ లాంటి చేపలు గంపల్లో పెట్టుకుని జాలరి ఆడవాళ్ళు కేకలేసుకుంటూ వచ్చేవారు, మార్గశిర గురువారాల్లో వన్‌టౌన్ అమ్మవారి గుడి నుంచి తిరిగొచ్చే ఆడవాళ్ళ పాదాల పసుపు మీద కూడా సాయంత్రానికి ఎర్ర దుమ్ము పడేది. తొక్కుడుబిళ్ళ ఆటకి అందరూ పెంకు ముక్క వాడితే మా వీధి పిల్లలు మాత్రం పట్టాల పక్కన దొరికే ఖనిజం ముక్క వాడేవాళ్ళం. అరచేతిలో ఇమిడేంత ఉండి మణుగు బరువుండేది, వేసిన గడిలో వేసినట్టు కూర్చునేది, జారేది కాదు. సైజుకీ బరువుకీ పొత్తు లేదన్న సంగతి పుస్తకం కంటే ముందు నా కాలి బొటనవేలికే తెలుసు.

నాన్న పని ఓడల దగ్గర. ఓడలోకి ఖనిజం ఎంత పడిందో తూచడానికి అంత పెద్ద తక్కెడ ఎవరి దగ్గరా ఉండదు గదా, అందుకని ఓడ ఒంటి మీద వేసిన అంకెలు చూసి నింపకముందు ఎంత మునిగింది, నింపాక ఎంత మునిగింది అని లెక్క కడతారు. ఆ లెక్కకి నీళ్ళ చిక్కదనం కావాలి, చిక్కటి నీళ్ళలో ఓడ తక్కువ మునుగుతుంది, పలచటి నీళ్ళలో ఎక్కువ. వానలు పడితే గెడ్డల్లోంచి వాగునీళ్ళు వచ్చి హార్బరులో కలుస్తాయి, అప్పుడు పైన పలచన, కింద చిక్కన. పడవలో ఓడ చుట్టూ తిరిగి, తాడుకి సీసా కట్టి, సగం లోతుకి దింపి, నీళ్ళు తీసి, గాజు వేసి చదివి చెప్పేది మా నాన్న. ఆయన దాన్ని హైడ్రోమీటరనే వాడు కాదు, గాజు అనేవాడు. ఆయన చెప్పిన అంకెని పదకొండేళ్ళలో ఎవరూ రెండోసారి చూడలేదు. రేవులో ఆయనతో పాటు పడవెక్కే సూరిబాబు మా ఇంటికొచ్చినప్పుడల్లా, "మా బావ గాజు సెప్పీసినాదంటే ఇంక దానికి తిరుగు లేదమ్మా" అనేవాడు. ఆ మాటకి నాన్న వీపు కాస్త నిటారయ్యేది. మాకున్న ఆస్తి అదే, ఆ మాట.

ఆ మాట ఎలా నిలబెట్టుకున్నాడంటే, సోమవారం సోమవారం పొద్దున్న పనికి వెళ్ళేముందు ఇంట్లోనే పొడుగాటి గాజు జాడీలో మంచినీళ్ళు పోయించి, గాజు అందులో వేసి, వెయ్యి గీత దగ్గర నిలబడిందో లేదో చూసుకునేవాడు. గాజు మెడలో కాగితం ఎప్పుడైనా జారితే అంకెలన్నీ జారిపోతాయి, జారినట్టు కంటికి తెలియదు, మంచినీళ్ళలో వేస్తేనే తెలుస్తుంది. జ్వరంతో ఉన్నా చూశాడు, మా తాతయ్య పోయిన మర్నాడు సోమవారమైతే ఆ రోజూ చూశాడు. ఆ మంచినీళ్ళు వానాకాలం పట్టి దాచిన వాననీరే, అమ్మ దాన్ని రెండు పేటల గుడ్డలో వడకట్టి కుండలో పోసి మూతేసి ఉంచేది. ఆ కుండలోంచి జాడీ నింపి తేవడం నా పని. నాకు ఆరేళ్ళప్పుడు పెట్టిన పని అది, అది చేస్తున్నప్పుడు నేనూ పోర్టులో ఉద్యోగం చేస్తున్నంత గొప్పగా ఉండేది.

నేను ఎనిమిదో క్లాసులో ఉన్న ఏడు మా సైన్సు టీచరు ఎగ్జిబిషనుకి తలో అంశం పంచిపెట్టింది. గుండె బొమ్మా అగ్నిపర్వతమూ ముందు బెంచీల వాళ్ళు తన్నుకుపోగా నాకు మిగిలింది 'సూర్యచంద్రులు, గ్రహాలు - వాటి సగటు సాంద్రతల పోలిక'. టీచరు ఒక కాగితం మీద వాటి బరువులూ వ్యాసాలూ రాసిచ్చి, బరువుని ఘనపరిమాణంతో భాగించెయ్యమ్మా, అంతే, అంది. భూమి బరువు రాయాలంటే ఆరు పక్కన ఇరవై నాలుగు సున్నాలు పెట్టాలి, అది కిలోల్లో. అలాంటివి పదకొండు లెక్కలు, లాగరిథం పుస్తకం పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చేశాను. చేసి నాన్నకి చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరసే చదివి ఆగిపోయాడు.

"ఏటమ్మా ఇది, భూమి నీళ్ళ మీద తేల్తాదని రాసినావు?"

"లెక్క అలాగే వచ్చింది నాన్నా."

నీటిది ఒకటైతే భూమిది సున్నా పాయింటు ఆరు తొమ్మిది వచ్చింది నాకు. నాన్న నవ్వలేదు. పెన్సిలు తీసుకుని నా లెక్క వెంటే నడిచి, వ్యాసార్ధం వెయ్యాల్సిన చోట వ్యాసం వేశానని చూపించాడు. రెట్టింపు అంకెని మూడుసార్లు గుణించాను గనక భూమి ఎనిమిది రెట్లు ఉబ్బిపోయి, సాంద్రత ఎనిమిదో వంతుకి దిగింది. సరిచేస్తే అయిదున్నర. "తమాసా సూడు," అన్నాడు, "అన్నింటికీ ఒకే తప్పు సేసినావు గనక వరస మాత్రం మారలేదు. పక్కపక్కన పెట్టి సూసినోడు కనిపెట్టలేడు. నీళ్ళలో ఏస్తేనే బయటపడతాది."

ఆ సున్నాలతో కుస్తీ మానిపించి ఆయన ఇంకో దారి నేర్పాడు, అన్నింటినీ భూమితో పోల్చడం. చంద్రుళ్ళు నలభై తొమ్మిది పోగుచేస్తే భూమి సైజు వస్తుంది, భూమి బరువు రావాలంటే మాత్రం ఎనభై ఒకటి కావాలి, అంటే చంద్రుడు భూమికన్నా గుల్ల. సూర్యుడిలో పదమూడు లక్షల భూములు పడతాయి, తూస్తే మూడు లక్షల చిల్లర భూములే తూగుతాడు, భూమిలో పావు వంతు చిక్కదనం. శనిలో ఏడొందల అరవై భూములు పడితే బరువు తొంభై అయిదు భూములే, ఎనిమిదో వంతు. ఎనిమిదో వంతంటే నా తప్పు లెక్కలో భూమికి వచ్చిన అంకే, సున్నా పాయింటు ఆరు తొమ్మిది. నా తప్పు భూమిని తీసుకెళ్ళి సరిగ్గా శని పక్కన కూర్చోబెట్టింది. "బరువొక్కటీ సూస్తే మోసపోతావు, సైజొక్కటీ సూసినా మోసపోతావు. రెండూ సూడాల," అన్నాడు నాన్న. మా నాన్న నాతో అంతసేపు మాట్లాడింది ఆ వారమే.

ఆ తరవాత రోజుకొకటి చొప్పున ఆయన టిఫిన్ క్యారేజీ గిన్నెలో గ్రహాలు దిగాయి. ఒకే సైజు రబ్బరు బంతులు కోసి వాటిలో రేవు సరుకంతా కూరాం. భూమికి ఇనుప ఖనిజం, చాలకపోతే వలలకి కట్టే సీసపు గుళ్ళు రెండు. అంగారకుడికి మాంగనీసు. చంద్రుడికి ఎరువుల కోసం ఓడలో వచ్చే బూడిద రంగు రాయి. సూర్యుడికి బొగ్గు, గురుడికీ బొగ్గే. లోకానికి వెలుగిచ్చేవాడు బొగ్గు ముక్కంత చిక్కగా ఉంటాడంటే నేను రెండు రోజులు నమ్మలేదు. శనికి మాత్రం బంతి లేదు, పడవలు చేసే మేస్త్రీ దగ్గర నునుపుగా చెక్కించిన కర్ర ఉండ. బకెట్లో అన్నీ బుడుంగుమని మునిగాక శనిని వదిలితే హాయిగా తేలాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మో, శని తేల్తాడేటి? అంత తేలికైనోడు మన నెత్తి మీద కూకుంటే మరింత బరువేటే గుంటా?" నాన్న ఆ మాటకి పడీ పడీ నవ్వాడు, అమ్మా నవ్వింది. ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది గానీ, దాన్ని తలుచుకుంటే సంతోషమూ రాదు, దిగులూ రాదు.

ఎగ్జిబిషనులో బకెట్టు పక్కన నాన్న గాజు పెట్టి, నీళ్ళు ఇదిగో వెయ్యి, శని ఆరొందల తొంభై, భూమి అయిదువేల అయిదొందలు అని చెప్పాలని నాకు కోరిక పుట్టింది. నాన్నని అడిగితే, "అది బొమ్మ కాదమ్మా," అని పెట్టె కొక్కెం పెట్టేశాడు. ఎగ్జిబిషనుకి ఇంకా మూడు వారాలుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న చాప మీద నిద్రపోతుంటే, అమ్మ పక్కింటివాళ్ళతో కలిసి వడియాలు పెడుతుంటే, నేను పెట్టె తీసి, గాజు పట్టుకుని, ఎదురుగా టీచరున్నట్టు ఊహించుకుని మాట్లాడుతూ బకెట్లోకి దింపాను. బకెట్లో నీళ్ళు జానెడు కూడా లేవు. తడి చేతిలోంచి జారి, అడుక్కి తగిలి, టక్కుమంది. పగల్లేదు. తుడిచి చూస్తే ఎక్కడా చిన్న నెర్రె కూడా లేదు, అమ్మయ్య అనుకున్నాను. ఎందుకో అనుమానమొచ్చి వాననీళ్ళ జాడీలో వేస్తే వెయ్యి దగ్గర ఉండాల్సిన నీటిమట్టం మూడు గీతలు తక్కువగా చూపిస్తోంది. లోపల కాగితం వడ్లగింజంత కిందికి జారింది.

ఆ క్షణంలో లేపి చెప్పేస్తే ఏమయ్యేది? తిట్టేవాడు, మహా అయితే ఒకటి తగిలించేవాడు, కొత్తది తెప్పించుకునేవాడు. పదమూడేళ్ళ నా బుర్ర మాత్రం అటు పోలేదు. రేపు సోమవారం, రేపు జాడీలో వేస్తాడు, చూస్తాడు. నీళ్ళు చిక్కగా ఉంటే గాజు పైకి లేస్తుంది, ఆ సంగతి నాకు ఆయనే నేర్పాడు. మర్నాడు పొద్దున్న జాడీ నింపి, వంటింట్లో కల్లుప్పు అమ్మకి తెలియకుండా నూరి, ఒక చిటికె, రెండు, మూడు, పలుకు కనపడకుండా చెంచాతో కలిపి, గాజు వేసి చూసుకుని, వెయ్యి దగ్గర సరిగ్గా నిలిచాక తీసి తుడిచి పెట్టెలో పెట్టేసి, జాడీ తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. ఆయన వేశాడు, వంగి చూశాడు, "వెయ్యి," అన్నాడు, పెట్టె చంకలో పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు. నేను నీళ్ళు తులసికోటలో పోసేసి బడికి పోయాను. భయమేసిందా అంటే ఆ ఒక్క ఉదయమే వేసింది. రెండో సోమవారానికి చెయ్యి దానంతటదే ఉప్పు జాడీ మీదికి పోయింది. మూడో సోమవారం ఉప్పు కలుపుతూ పద్యం కూడా అప్పజెప్పుకున్నాను.

ఆ వారంలోనే, బుధవారం, ఒక పెద్ద ఓడ దగ్గర గొడవైంది. ఓడ అధికారి తన గాజుతో తనూ చూసుకున్నాడు. ఇద్దరి అంకెలూ కలవలేదు, నాన్న లెక్క ప్రకారం ఓడలో ఖనిజం వందల టన్నులు తక్కువొస్తోంది. నాన్న తన అంకె మీదే నిలబడ్డాడట. చివరికి ఆఫీసు లాబు నుంచి డిస్టిల్డు వాటరు తెప్పించి అందరి ఎదుటా రెండు గాజులూ వేశారు. ఓడ గాజు వెయ్యి చూపించింది, మా గాజు తొమ్మిదొందల తొంభై ఏడు. ఇదంతా సాయంత్రం సూరిబాబు మా గుమ్మంలో నిలబడి అమ్మకి చెబుతుంటే విన్నాను. నాన్న వచ్చి కాళ్ళు కడుక్కుని, పెట్టె గూట్లో పెట్టి, అన్నం తిన్నాడు. ఓడల దగ్గరికి ఇక రావద్దన్నారు, రేపట్నుంచి యార్డులో గుట్టల లెక్క చూసుకోమన్నారు. "ఆ గాజు పనికిరాదంట, నన్నే అట్టిపెట్టుకోమన్నారు," అన్నాడు, అంతే. నేను ఆ మాట వింటూ పప్పులో ఉప్పు తక్కువైందని అనుకోవడం గుర్తుంది. ఏడుపు రాలేదు, గుండె కొట్టుకోలేదు, కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియనట్టు ఒళ్ళంతా అలా ఉంది.

శుక్రవారం ఎగ్జిబిషను. నేను బల్ల వెనక నిలబడి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎంతమంది వస్తే అంతమందికి, చంద్రుళ్ళు నలభై తొమ్మిదైతే సైజు, ఎనభై ఒకటైతే బరువు, అని ఒక్క ముక్క తప్పకుండా చెప్పాను. భూమిని ముంచాను, శనిని తేల్చాను. నాకు రెండో బహుమతి ఇచ్చారు. టీచరు నా తల నిమిరి, "ఏమ్మా, నవ్వవేం?" అంది. నవ్వాను.

శనివారం అమ్మ నువ్వుల నూనె సీసా పట్టుకుని నన్ను గుడికి లాక్కుపోయింది. నాన్నకి ఏలినాటి శని మొదలైందని, అదీ నేను శనిని తెచ్చి ఇంట్లో పెట్టి బకెట్లో ఆడించడం వల్లేనని ఆవిడ నమ్మకం. "గ్రహాలతో ఆటలేటే? నువ్వే తెచ్చినావు ఇంటికి," అని దారంతా అంది. నువ్వే అన్నప్పుడల్లా అవునని మనసులో అనుకుంటూ నడిచాను. నూనె పోయించాక, అక్కణ్ణుంచి బీచికి తీసుకెళ్ళి, సంచిలోంచి ఆ కర్ర ఉండ తీసి, దండం పెట్టి, ఉన్న బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరింది. మునగదు గదా. కెరటం దాన్ని తీసుకొచ్చి అమ్మ పాదాల దగ్గర పెట్టింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ వచ్చింది. మూడోసారికి అమ్మ మొహం తెల్లబోయి, "సూసినావా, వదల్డు," అని వెనక్కి చూడకుండా నడిచింది. ఆవిడకి చెప్పొచ్చు, సముద్రపు నీళ్ళు వెయ్యిన్నీ పాతిక, అది ఆరొందల తొంభై, అందుకని తేలుతోందమ్మా అని. అది చెప్పడం మొదలుపెడితే తతిమ్మాదంతా చెప్పాల్సొచ్చేది.

తరవాత సోమవారం. ఇంక గాజుతో పని లేదు, చూసుకోవాల్సిన అవసరమూ లేదు. పొద్దున్నే నాన్న పెట్టె తీసి చాప మీద కూర్చుని, ఎప్పటిలాగే, "అమ్మా, నీళ్ళు పట్టుకురా," అన్నాడు.

వంటింట్లో కుండ ముందు నిలబడ్డాను. ఉప్పు వెయ్యకపోతే మూడు గీతలు తక్కువ చూపిస్తుంది, మరి మూడు వారాలు వెయ్యి ఎందుకు చూపించిందని అడుగుతాడు. ఉప్పు వేస్తే వెయ్యి చూపిస్తుంది, అప్పుడు తప్పు మాది కాదు, ఆఫీసు నీళ్ళదే అని ఆయన వెళ్ళి వాళ్ళకి చెప్పొచ్చు. పిల్లబుర్ర, అది నిజంగానే మంచి ఉపాయం అనుకుంది. మూడు చిటికెలు వేసి, కలిపి, తెచ్చి ముందు పెట్టాను. నాన్న గాజు దింపాడు. అది రెండుసార్లు ఊగి వెయ్యి గీత దగ్గర నిలబడింది. ఆయన ఎప్పటికన్నా చాలాసేపు దానికేసి చూశాడు. నాకేసి మాత్రం చూడలేదు. తరవాత గాజు తీసి గుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి కొక్కెం వేసి, జాడీ రెండు చేతులతో ఎత్తి గటగటా తాగడం మొదలుపెట్టాడు. అర లీటరు నీళ్ళు, అడుగుదాకా తాగి, ఖాళీ జాడీ నా చేతికిచ్చి, మూతి తుడుచుకున్నాడు.

"నీళ్ళు బాగున్నాయమ్మా," అన్నాడు.

యార్డుకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎప్పుడూ సోమవారం నీళ్ళు అడగలేదు. రిటైరయ్యేదాకా గుట్టల దగ్గరే ఉన్నాడు, ఎర్ర దుమ్ములో వెళ్ళి ఎర్ర దుమ్ముతో వచ్చేవాడు, నన్ను చదివించాడు, పెళ్ళి చేశాడు, అమ్మ పోయాక నా దగ్గరే ఉన్నాడు. ఒక్కసారి కూడా ఆ మాట మా మధ్య రాలేదు. మూడు చిటికెల ఉప్పు అన్ని నీళ్ళలో ఏం తెలుస్తుందిలే, దాహమేసి తాగాడు, బాగున్నాయనిపించింది, అన్నాడు, అని నేను నలభై ఏళ్ళుగా నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అన్నేళ్ళూ ఆ అంకెలు తెలిసినదాన్నే, ఒక్కసారైనా కలిపి నోట్లో వేసుకుని చూడలేదు.

నాన్న పదకొండో రోజున సూరిబాబు వచ్చాడు. చెవులు సరిగా వినపడవు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. భోజనాలయ్యాక మజ్జిగ గ్లాసుతో నా పక్కన కూర్చుని, ఊరికే పాత మాటలు చెబుతూ చెబుతూ అన్నాడు. "నాకు ఈనాటికీ అర్థం కాదమ్మా. మా బావ పదకొండేళ్ళల్లో ఒక్క సోమారం తప్పినోడు కాడు గదా. ఆ రోజు ఆఫీసరు, ఇంటికాడ సూసుకున్నావా లేదా అనడిగితే, 'లేదు సార్, మూడు వారాలై సూడనేదు, బద్దకించీసినాను' అనీసినాడు. పక్కనే ఉన్నాను, నాను ఇన్నాను. తొంభై ఏడు కనపడ్డాక రొండు నిమిసాలు ఆలోసించి మరీ అన్నాడు. సూసినాను సార్ అంటే ఏటయ్యేది? ఇంటి నీళ్ళు సూపించమనీవోరు, అంతే కదా?" నేను ఆయనకి ఇంకొంచెం మజ్జిగ పోశాను.

జ్ఞానాపురం ఇల్లు ఇప్పుడు లేదు, ఆ వరసంతా పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. తొక్కుడుబిళ్ళ గీతలు ఏ వీధిలోనూ కనపడవు. వాననీళ్ళు కుండలో దాచుకునేవాళ్ళు లేరు, సోమవారం సోమవారం తనని తాను సరిచూసుకుని పనికి వెళ్ళే మనిషి ఎక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు.

మొన్న పెట్టె తీశాక, నిలబడినదాన్ని నిలబడినట్టే వంటింట్లోకి పోయి, పొడుగాటి జగ్గు కడిగి, డబ్బాలోంచి డిస్టిల్డు వాటరు పోసి, గాజు దింపాను. తొమ్మిదొందల తొంభై ఏడు. ఆ మూడు గీతల తప్పు వెంట్రుకవాసి కదలకుండా అలాగే ఉంది. ఉప్పు డబ్బా తీసి ఒక చిటికె, రెండు, మూడు, కలిపి చూస్తే, వెయ్యి. గాజు తీసి తుడిచి గుడ్డలో పెట్టేశాను. జగ్గు ఎత్తి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

ఉప్పన. నాలిక మీద పడగానే తెలిసిపోయేంత ఉప్పన. చిన్న పిల్ల కూడా థూ అని ఊసేస్తుంది.

ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు అలాగే నిలబడ్డాను. రాలేదు. జగ్గులో మిగిలిన నీళ్ళన్నీ అడుగుదాకా తాగేశాను.